గుడ్డ కింద రాయి

మల్లేశ్వరరావు చేతిలోని క్యూ కర్ర గోపాలరావు గొంతు మీద అడ్డంగా ఉంది.

"చెప్పరా. రాసింది నువ్వే కదా?"

గోపాలరావు నడుము స్నూకర్ బల్ల అంచుకు ఆనింది. పెదవి చిట్లి రక్తం కారుతోంది.

"మా అమ్మ మీద ఒట్టు మల్లేశూ. నేను రాయలేదు."

"నువ్వు కాకపోతే ఇంకెవడు? క్లబ్బు ఫైనల్లో నా చేతిలో ఓడిందెవడు? నా బదులు ఈ సాయంత్రం హైదరాబాదు బస్సెక్కేదెవడు?"

గోపాలరావు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు కొడుకు. తన క్యూ కర్ర తీసుకుపోదామని క్లబ్బుకొచ్చి ఇలా దొరికిపోయాడు.

విజయపురి సౌత్‌లో ఆ ఇంజనీర్ల క్లబ్బు ఒక్కదాంట్లోనే స్నూకర్ బల్ల ఉంది. హైదరాబాదులో రాష్ట్ర పోటీలు ఎల్లుండి మొదలు. అందులో గెలిస్తే జాతీయ పోటీలు. 1984లో ఇరవై ఏళ్ల మల్లేశ్వరరావుకు ఆ దారి తప్ప ఇంకో దారి తెలీదు.

నాలుగు రోజుల కిందట ఆ పోటీలు నడిపే అసోసియేషన్ నుంచి కవరు వచ్చింది. నాలుగే ముక్కలు. మీరు ఆటకు జీతం తీసుకుంటున్నట్టు మాకు ఉత్తరం అందింది. కనుక మీరు ప్రొఫెషనల్. అమెచ్యూర్ పోటీల్లో ఇక ఆడటానికి వీల్లేదు.

'ఇక' అంటే ఈ ఒక్క ఏడాది కాదు. ఎప్పటికీ.

అబద్ధమూ కాదు. ఆ హాల్లోకి మెంబర్లు రావాలి, లేదా నౌకర్లు రావాలి. కంకర కొట్టే ఇంటి పిల్లవాడు మెంబరు ఎట్లా అవుతాడు? అందుకే ఆరేళ్ల కిందట ముసలి మార్కరు ఈశ్వరయ్య వాణ్ణి తన కింద రెండో మార్కరుగా పెట్టించాడు. పాయింట్లు పలకాలి. గుడ్డకు బ్రష్షు కొట్టాలి. ఆఫీసర్లకు జోడీ దొరక్కపోతే తోడు ఆడాలి. దానికి నెల జీతం. ఆ తోడు ఆటలోనే వాడు అందర్నీ దాటిపోయాడు.

పోటీకి దరఖాస్తు నింపేటప్పుడు ఈశ్వరయ్య జీతం సంగతి రాయలేదు. "మద్రాసులో ముప్ఫై ఏళ్ల కిందట నన్నూ ఇట్టాగే ఆపారు. నిన్ను ఆపనివ్వను," అన్నాడు. బయటికి పొక్కకుండా క్లబ్బులో అందరి చేతా ఒట్టు వేయించాడు.

అయినా పొక్కింది.

"వదలరా వాణ్ణి!"

గడపలో మల్లేశ్వరరావు అక్క లింగమ్మ. క్వారీ నుంచి అట్నే పరిగెత్తుకొచ్చినట్టుంది. చీర నిండా రాతిపొడి. తల్లీతండ్రీ పోయాక తమ్ముణ్ణి ఆ రాతిపొడిలోనే సాకింది. అతను ఆమెకు వివరాలేం చెప్పలేదు. ఎవడో నా మీద అర్జీ పెట్టాడక్కా, ఆట పోయింది అన్నాడు, అంతే.

మొదట్లో ఈ ఆటంటే ఆమెకు భయం. ఆ చుట్టుపక్కల క్లబ్బంటే పేకాటే, పందేలే. ఒకరోజు ఎవరూ లేనప్పుడు తమ్ముడు తీసుకొచ్చి బల్ల చూపించాడు. ఆకుపచ్చ గుడ్డ మీద వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి విని, "లోపలున్నది రాయేగదరా! మన సరుకే," అని నవ్వింది. భయం పోయింది.

ఊరి నోరు మాత్రం పోలేదు. పోయిన నెల టీ కొట్టు దగ్గర వెంకట్రామయ్య పదిమందిలో అననే అన్నాడు. "ఏమే లింగమ్మా, మీవోడు క్లబ్బులో పందేలు కాస్తన్నాడంటగా? ఆ హైదరాబాదోళ్లకు తెలిస్తే గడప తొక్కనిస్తారా?"

మర్నాడు ఆమె ఒక పూట పని మానుకుని మాచర్ల పోయొచ్చింది. పోటీకి రమ్మని తమ్ముడికి హైదరాబాదు నుంచి వచ్చిన కవరును, దేవుడి పటం వెనక దాచినదాన్ని, కూడా కొంగులో చుట్టుకుని పోయింది. చెన్నకేశవుడి పాదాల కాడ పెట్టించానంది.

ఇప్పుడు ఆమె గొంతు హాలంతా మోగుతోంది.

"రాయించినోళ్ల చేతులు పడిపోను! నా తమ్ముడి నోటికాడి కూడు తీసినోళ్ల కళ్లముందే వాళ్ల ఇల్లు కూలిపోను!"

గోపాలరావు కూడా తల దించుకున్నాడు.

అప్పుడే వచ్చాడు ఈశ్వరయ్య. నిన్న హైదరాబాదు వెళ్లినవాడు బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చాడు. ఒక్క రోజులో పదేళ్లు మీద పడ్డవాడిలా ఉన్నాడు.

"ఒరేయ్, కర్ర దించు. ఆ అబ్బాయి కాదు."

కర్ర దిగింది.

"అసోసియేషన్ సెక్రటరీ మంచోడే. రూలు మార్చడం నా వల్ల కాదన్నాడు. కాయితం మాత్రం నా చేతిలో పెట్టాడు."

మల్లేశ్వరరావు చెయ్యి చాచాడు. ఈశ్వరయ్య కాగితం ఇవ్వలేదు. మడిచి గుప్పిట్లో బిగించాడు.

"చించేద్దాంరా. తెలుసుకుని ఏం చేస్తావు?"

"చించుతావా?" లింగమ్మ గడప దాటి వచ్చింది. "చదువు బాబాయ్. పైకి చదువు. ఆ వెంకట్రామయ్యే అయ్యుంటాడు. పేరు నా చెవిన పడాల. రేపు వాడింటి ముందు నిలబడి దుమ్మెత్తి పోస్తా."

"వద్దు అమ్మాయ్. నా మాట విను."

"నా మీదొట్టు. చదువు."

ఈశ్వరయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. లింగమ్మ బల్ల మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

ముప్ఫై ఏళ్లుగా పాయింట్లు పలికిన గొంతుతో, ఎవరి ముఖమూ చూడకుండా, అతను చదివాడు.

"అయ్యా, మల్లేశ్వరరావు పందేలు కాసే మనిషి కాదు, నెల నెలా జీతం తీసుకుని మర్యాదగా ఆడుకునేవాడు, అనుమానం పెట్టుకోకుండా వాణ్ణి ఆడనివ్వండి, మీ కాళ్లకు మొక్కుతా, ఇట్లు, వాడి అక్క లింగమ్మ, వేలిముద్ర."