కొమ్మెక్కిన తీతువు

అడవి అంచున గడ్డిబీడులో కౌజుపిట్టల మధ్య ఒక తీతువు ఉండేది. నక్క వస్తే ముందుగా అరిచేది అదే. పిల్లల్ని ఎత్తుకుపోయాడని గద్దరాజునే నిలదీసేది కూడా అదే. "మా తీతన్న ఉన్నాడుగా!" అనుకుంటూ కౌజులు నిశ్చింతగా మేసేవి.

ఒకరోజు గద్దరాజు, "నీలాంటివాడు నేల మీద ఉండటమేమిటి? వచ్చి నా పక్కన కొమ్మ మీద కూర్చో," అన్నాడు. తీతువువి కొమ్మను పట్టుకునే కాళ్లు కావు. అయినా వెళ్లింది.

గాలి వీచినప్పుడల్లా పడబోతూ, కింద కౌజుల వేళాకోళాలు వింటూ కూర్చునేది. ఇప్పుడు దాన్ని తీతన్నా అని పిలిచేవాళ్లే లేరు, అందరూ దొరగారు అనేవాళ్లే.

ఒక సాయంత్రం గడ్డిలో నక్క కదిలింది. తీతువు గొంతు చించుకుని అరిచింది.

"ఏంటే ఆ గోల?" అంది ఒక కౌజు.

"దొరగారు రాజుగారిని పొగుడుతున్నారు. నువ్వు మెయ్యవే!" అంది ఇంకొకటి.

తీతువు ఒక్క ఉదుటున వాటి మధ్యకు దిగి, "నక్క! పారిపోండి!" అంది.

కౌజులన్నీ పారిపోకుండా ముందుగా దొరగారికి వంగి దండం పెట్టాయి. తలలెత్తేలోగా నక్క ఒకదాన్ని నోట కరుచుకుంది.

"తీతన్నా!" అని అరిచింది ఆ కౌజు.

ఇన్నాళ్లూ తీతువు చెవులు రిక్కించుకుని కూర్చుంది ఆ పిలుపు కోసమే.