కౌన్సెలింగ్ గది ముందు

"నాకేటీ పిచ్చి లేదు. వార్డెన్ పంపితే వచ్చాను, అంతే!"

గౌతమి అరుపుకి నర్సీపట్నంలోని ఆ ఆసుపత్రి వరండా అంతా తిరిగి చూసింది.

చూస్తే చూడనీ అనుకుంది గౌతమి. ఏజెన్సీ కొండల్నించి వచ్చి, హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. కొన్నాళ్లుగా కంటికి నిద్ర లేదు, అన్నం సయించదు, పుస్తకం తెరిస్తే గుండె దడ.

పిచ్చిదని ముద్ర పడితే ఇంటికి పంపేస్తారు. చదువు అక్కడితో సరి. అందుకే ఆ మొండితనం.

"కూర్చో, పిలుస్తాం" అంది నర్సు అప్పలలక్ష్మి.

బెంచీ మీదున్న పెద్దావిడ జరిగి చోటిచ్చింది.

"కూకో అమ్మీ. కూకుంటే ఏటీ అంటుకోదులే."

"మీకేం, ఎవరికో తోడొచ్చుంటారు."

"నాకోసమే వచ్చాను. వారం వారం వస్తాను."

గౌతమి తెల్లబోయింది. ఇక్కడికొచ్చేవాళ్లు కొంగు చాటున మొహం దాచుకుంటారు. ఈవిడ రోడ్డుకెదురుగా దర్జాగా కూర్చుంది.

"సిగ్గనిపించదా?"

"జొరమొస్తే సిగ్గుపడతావేటి? ఇదీ అంతే."

గౌతమి గొంతు తగ్గించింది.

"లోపలున్న ఆ మేడం మన మొహం చూసి అన్నీ కనిపెట్టేస్తాదా?"

వాళ్ల ఊళ్లో మంత్రాలేసే గురువు అంతే. చేటలో బియ్యం పోసి చూసి, మన మనసులోది ఊరందరి ముందూ చెప్పేస్తాడు. ఇక్కడా అదే జరుగుతుందని పాపం ఆ పిల్ల హడలిపోతోంది.

పెద్దావిడ పకపకా నవ్వింది.

"నువ్వు సెప్పిందే ఆవిడకి తెలుస్తాది. మొదటి రోజు నిద్ర పడతందా, తింటన్నావా, ఏటి బాధ అని అడుగుతాది. సెప్పాలనిపించనిది సెప్పకు. ఏడుపొస్తే ఏడు. ఒక్క రోజులో తేలిపోదు, మళ్లీ రావాల."

"వార్డెన్‌కి చెప్పేస్తే?"

"ఆ మాటే ముందు ఆవిణ్ణి అడుగు. గట్టిగా అడుగు."

"కొండలమ్మగారూ, మీ వంతు" పిలిచింది నర్సు.

"ముందు ఈ పిల్లని పంపు. లేపోతే పారిపోతాది."

"నేనా, పారిపోవడమా!"

గౌతమి విసురుగా లోపలికెళ్లి, నిలబడే అడిగింది.

"నేను చెప్పింది వార్డెన్‌కి చెప్తారా?"

"ప్రాణం మీదికొచ్చే సంగతైతే తప్ప, నువ్వు ఒప్పుకోకుండా ఎవరికీ చెప్పను" అంది కౌన్సెలర్ పుష్పవతి. "చదువు మాన్పించడం నా పని కాదమ్మా."

అప్పుడు కూర్చుంది. మాట్లాడింది. ఏడ్చింది. సగం మాటలు కడుపులోనే దాచుకుంది, ఎవరూ కోప్పడలేదు. వచ్చేవారం రమ్మంటే వస్తానంది.

బయటికొచ్చేసరికి బెంచీ ఖాళీ.

"ఆ పిన్ని ఏరండీ?"

"యలమంచిలి బస్సుకి టైమైపోతందని వెళ్లిపోనారు. ఈ వారం ఆవిడకి కౌన్సెలింగ్ లేనట్టే."

గౌతమికి మనసు చివుక్కుమంది.

"ఎవరండీ ఆవిడ?"

నర్సు ఆ పిల్ల కళ్లలోకి చూసింది.

"నువ్వు చేరకముందు మీ హాస్టల్లోనే, గోడు వినే మనిషి లేక సచ్చిపోయిన పిల్లకి తల్లి. ఆఫీసుల ముందు బైఠాయించి ఈ గది తెరిపించింది ఆవిడే."