కుక్కకు పెట్టాల్సిన పేరు

పాపను వీపున కట్టుకుని పేరు రాయించడానికి క్లినిక్‌కు వెళితే, నర్సు నన్ను ముందు బయట బల్ల మీద కూర్చునే, అందరూ అమ్మమ్మ అని పిలిచే పెద్దావిడ దగ్గరికి పంపింది. బాలింతల గోడు వినడం ఆమె పని.

"ఏం పేరు పెడుతున్నావు, తల్లీ?"

"సెకాయ్."

మా షోనా భాషలో 'నవ్వండి' అని అర్థం.

"కడుపు కోసి బిడ్డను తీశారని, నాకు కనడం కూడా చేతకాదని మా అత్త ఊరంతా చెప్పి నవ్వింది. ఇక రోజూ పాపను ఆ పేరుతోనే పిలుస్తాను, విననీ. ఈ కోపంతో నిన్న పాపను మంచం మీదికి విసిరేశాను, అమ్మమ్మా."

ఆమె తిట్టలేదు.

"ఎవరినైనా దెప్పాలంటే ఇలాంటి పేర్లు మనవాళ్ళు కుక్కలకు కూడా పెడతారుగా. మా ఇంట్లో కూన ఉంది, తీసుకుపో. మీ అత్త వాకిట్లో నిలబడి గొంతు పోయేలా పిలువు. దానికేం, తోక ఊపుకుంటూ వస్తుంది."

చాలా రోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది.

"పాపకే పెడితే ఏమవుతుంది?"

"మా అమ్మ నాకు పెట్టింది. మతిరాస. 'మమ్మల్ని పారేశారు' అని. ఆ కోపం మా నానమ్మ మీద. నానమ్మ ఏడాదికే పోయింది. పేరు నాకు మిగిలింది."

నా వీపు మీది పాపను సర్ది, మళ్ళీ అంది.

"చివరి రోజున అమ్మ నన్ను దగ్గరికి పిలవబోయింది. నోరు తెరిచి, ఆ పేరు పలకలేక, నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నన్ను పిలవడానికి ఆమె దగ్గర ఇంకో పేరు లేదు."

లోపలి నుంచి నర్సు పాప పేరు అడిగింది.

"ఇంకా పెట్టలేదు" అన్నాను.