కూలెంత?

కారు కారుతోంది.

ఈ మాట చెవికి ఎంత ముద్దుగా ఉన్నా, హజీరా రోడ్డు మీద ఎండలో నిలబడ్డ ధర్మరాజుకు మాత్రం నవ్వు రాలేదు. ఇంజన్ కింద నుంచి పచ్చటి చుక్కలు టపటపా రాలుతున్నాయి. పైనుంచి ఆవిరి.

మామూలు రోజైతే కారు మీద నాలుగు కారుకూతలు కూసి ఊరుకునేవాడు. ఇవాళ అలా కాదు. సూరత్‌లో, ఆస్పత్రి మంచం మీద భార్య సీత ఆపరేషన్‌కి సిద్ధంగా ఉంది. ఆవిడది ఎక్కడా దొరకని రక్తం. అది చేతికొస్తేనే కత్తి పట్టుకుంటానన్నాడు డాక్టర్.

మొగుడి రక్తం కలవలేదు. జాతకాలు మాత్రం అప్పట్లో భేషుగ్గా కలిశాయి!

తెలుగు సంఘం వాళ్ళు ఎవర్నో వెతికి పట్టుకుని పంపిస్తున్నారు. ధర్మరాజు కంపెనీలో డ్యూటీ దిగి అటే పరుగెడుతున్నాడు. ఇదిగో, పరుగు ఇక్కడ ఆగింది.

లారీలు ఆగలేదు. కంపెనీ బస్సులు ఆగలేదు. ధర్మరాజు తెలుగులో తిట్టుకోవడం చెవిన పడి, ఒక పాత మోటార్ సైకిల్ ఆగింది.

"మనోళ్ళేనా సార్? ఏమైంది?" మెడలో తువ్వాలున్న మనిషి దిగాడు.

"కూలెంట్!" అని అరిచాడు ధర్మరాజు.

ఆ మనిషి ముఖం చిన్నబోయింది.

"కూలెంత అని అడుగుతరేంది సార్? గింత దానికి కూలి తీసుకుంటమా?"

"కూలెంత కాదయ్యా, కూలెంట్! ఇంజన్ చల్లగా ఉండటానికి పోసే నీళ్ళు!"

"గట్లనా! కూలోన్ని సార్, నాకు గదే వినవడ్తది."

అంత కంగారులోనూ ధర్మరాజుకు నవ్వొచ్చింది.

"కార్ల గురించి నాకేం తెల్వది. మీరు చెప్పుండ్రి, నేను జేస్త. జర జల్ది సార్, నాకు పనుంది."

"నాకు లేదా?" అన్నాడు ధర్మరాజు. ఎక్కడ పని అని అడగలేదు.

ఇంజన్ చల్లారేదాకా ఆగారు. తడంతా తుడిచేసి, ఇంజన్ మళ్ళీ వేసి, ముందుగా ఎక్కడ చెమర్చుతుందో చూడాలి. చూద్దామంటే ధర్మరాజు పొట్ట కారు కిందికి దూరనంది. ఆ మనిషే తువ్వాలుతో గొట్టాలన్నీ తుడిచి, రోడ్డు మీద వెల్లకిలా పడుకున్నాడు.

"రేడియేటర్?"

"పొడిగున్నది సార్."

"పంపు?"

"పొడి."

"పొడిపొడి మాటలొద్దయ్యా, సరిగ్గా చూడు!"

లోపల ఇంజనే పగిలి ఉంటే ఇవాళ్టికి కారు కదలదు. ధర్మరాజు గుండె కూడా పొడారిపోయింది.

అంతలో కూతురు ఇందుజ ఫోన్. ఇంజన్ మోతకు వినబడక దూరంగా నడిచాడు.

"నాన్నా, రక్తమిచ్చే ఆయన ఇంకా రాలేదు. ఫోన్ కూడా ఎత్తట్లేదు."

"ఏం మనిషమ్మా! ఇక్కడ ప్రాణాలు పోతుంటే ఎక్కడ కబుర్లు చెప్పుకుంటున్నాడో! రక్తం ఇస్తాడా, మన రక్తం తాగుతాడా?"

ఆ కోపంతోనే వెనక్కొచ్చాడు.

"ఇంకా దొరకలేదా నీకు?"

"దొరికింది సార్! కారేది ఒకకాడ, పడేది ఒకకాడ. ఇగో, పై గొట్టానికి బిగించిన పట్టీ లూజైంది. గీడికెల్లి కిందికి జారి ఆ మూలకు పడ్తున్నది."

ధర్మరాజు ఇంజన్ ఆపి, స్క్రూడ్రైవర్ తెచ్చి పట్టీ బిగించాడు. అతను బండికి తగిలించిన సీసాలో నీళ్ళు తెచ్చి, చూపించిన డబ్బాలో పోశాడు. ఇంజన్ వేశారు. ఇద్దరూ వంగి చూశారు.

ఒక్క చుక్క లేదు!

"బతికించావయ్యా! నీ పేరు..."

"పోత సార్, లేటైంది," అంటూ అప్పటికే బండి తన్నాడు అతను.

ధర్మరాజు ఇంజన్ వేడి చూపించే ముల్లు మీద కన్నేసి, మెల్లగా నడుపుకుంటూ ఆస్పత్రి చేరేసరికి రక్తం వచ్చేసింది, పరీక్షలు జరుగుతున్నాయి. సాయంత్రానికి డాక్టర్ బయటికొచ్చి, "బధూ బరాబర్ ఛే," అన్నాడు.

అంతా బాగుందట! తెలుగువాడి చెవికి 'ఛే' అన్న మాట అంత తియ్యగా తగలడం అదే మొదలు. ధర్మరాజు బెంచీ మీద కూలబడి, కళ్ళు తుడుచుకుని, టీ తెప్పించుకున్నాడు.

"ఆ ఆలస్యం మహానుభావుడేడీ? ముందు రెండు చివాట్లు పెట్టి, తర్వాత కాళ్ళకు దండం పెడతాను."

"ఇచ్చేసి అప్పుడే వెళ్ళిపోయాడు నాన్నా. పాపం, ఎన్నిసార్లు సారీ చెప్పాడో!" అంది ఇందుజ. "హజీరా రోడ్డు మీద ఎవరో తెలుగు సారు కారు ఆగిపోయి ఏడుపు ముఖంతో నిలబడితే, వదిలేసి రాబుద్ధి కాలేదట."