ఎడమవైపు తక్కువ

ఆరు స్పీకర్లనూ ఒకే నాబ్‌తో పెంచి తగ్గించే పెట్టెను మా ఇంటి స్టూడియో కోసం చెల్లి తన చేత్తో చేసిచ్చింది. పాడటానికి వచ్చినావిడ ముందే చెల్లి పరువు తీశాను.

"ఎడమవైపు తక్కువ పలుకుతోంది. నీ టంకం పని ఏడ్చినట్టుంది."

చెల్లి చిన్నబోయింది. కాసేపు నాబ్ తిప్పి విని, నా కుర్చీని వెనక్కి తిప్పింది.

"ఇప్పుడు నీకు ఏ వైపు తక్కువగా ఉంది అన్నయ్యా?"

"ఎడమే. చెబుతుంటే అర్థం కాదా?"

అనేశాక నాకు వెలిగింది. ఇందాక ఎడమనున్న స్పీకర్లు ఇప్పుడు నా కుడివైపున్నాయి. చెయ్యి దానంతటదే ఎడమ చెవి మీదికి పోయింది. తలెత్తలేకపోయాను.

చెల్లి నా వైపు చూడలేదు. "నా టంకమే సరిగ్గా పడలేదండీ, కాస్త ఆగండి" అని ఆవిడతో చెప్పి, పెట్టె విప్పి, బాగున్న అతుకునే మళ్ళీ కరిగిస్తూ కూర్చుంది.