గోడవతల పచ్చదీపం

బెన్నీ సున్నపు బట్టీ గోడ మీద కొత్తగా ఓ పెట్టె బిగించారు. దాని నెత్తిన పచ్చదీపం. గోడకివతల తన బట్టీ దగ్గర నిలబడి చూస్తున్న ప్రసన్నకుమార్‌కి కళ్లలో సున్నం పడ్డట్టయింది.

బెన్నీ అతని బావమరిది. పిడుగురాళ్లలో ఇద్దరివీ పక్కపక్క బట్టీలు. పొగను కొలిచే మిషను ఉన్న బట్టీ దగ్గరే ఇకమీదట సున్నం కొంటామని చక్కెర కంపెనీ వాళ్లు చెప్పిపోయారు. ఆ ఒక్క బేరం పోతే ప్రసన్నకుమార్ బట్టీ ఆరిపోయినట్టే.

రెండు బట్టీల పొగా పైకెళ్లి కలిసిపోతుంది. ఎవరిదెంతో కంటికి తెలియదు.

"పొగెక్కువైతే ఎర్రబడాలిగా, మా తమ్ముడి మిషను దీపం ఒక్కపూటన్నా ఎర్రబడిందా? ఈ పొగంతా మనదే," అంది భార్య శాంతి, ఆరేసిన చీర మీద బూడిద దులుపుతూ.

అతను సగం అన్నంలో లేచిపోయాడు.

మర్నాడే గుంటూరు వెళ్లి తనూ ఓ మిషను తెచ్చి పెట్టించాడు. పొగ చిక్కబడితే అది ఫోనులో కూత పెడుతుంది. రోజంతా కూతే. గోడవతల దీపం మాత్రం నిక్షేపంగా పచ్చగానే వెలుగుతోంది. నిన్నగాక మొన్న బట్టీ పెట్టినవాడు, తన దగ్గరే పని నేర్చుకున్నవాడు. తలుచుకుంటే ప్రసన్నకుమార్ కడుపు బట్టీకన్నా ఎక్కువ మండేది.

ఆ మంట అతన్ని కూర్చోనివ్వలేదు. ఫోను చూసుకుంటూ గాలి పంకా తగ్గించాడు, పెంచాడు. బొగ్గు ఒక్కసారే కుమ్మరించటం మాన్పించి కొంచెం కొంచెంగా వేయించాడు. అప్పటికీ కూత ఆగకపోతే గొట్టం వంచి పొగను నీటిజల్లు కిందుగా తిప్పాడు. బూడిద నీళ్లలో దిగింది. ఫోను నోరు మూసుకుంది. శాంతి చీర మీద మాత్రం ఇంకా సగం బూడిద పడుతూనే ఉంది. ఎక్కడిదో ఆమెకి అంతుపట్టలేదు.

కంపెనీ జీపు వచ్చింది. వాళ్లు ఫోనులో అంకెలు చూశారు, నీటిజల్లు చూశారు, ఫొటోలు తీసుకుని బేరం ఖాయం చేసి వెళ్లారు.

ప్రసన్నకుమార్ మిఠాయి పొట్లం పట్టుకుని గోడవతలకి నడిచాడు. బావమరిది మొహం మాడితే కళ్లారా చూడాలని.

బెన్నీ మొహం మాడలేదు. మిఠాయి నోట్లో వేసుకుని, మంచి పనయింది బావా అన్నాడు.

"అది సరేరా. నీ దీపం ఒక్కనాడూ ఎర్రబడలా. ఏం కిటుకు చేశావో ఇప్పుడన్నా చెప్పు."

బెన్నీ గోడ మీదికి చూసి నవ్వాడు.

"అది కరెంటు ఉందని చెప్పే దీపం బావా. మిషను ఇంకా కలపనే లేదు, బిగించినోడు మళ్లీ రాలా. జీపు ముందు మా గేటుకే వచ్చింది. పొగ కొలిచేది మా బావ బట్టీలోనండీ అని నేనేగా నీ గేటు చూపించింది."