ముప్పై ఒకటో నంబరు

ఫైర్ స్టేషన్ వాలంటీరు డ్వేన్‌ను సమాధి చేశాక, వాడుక ప్రకారం కంట్రోల్ రూమ్ ఆపరేటర్ ఐరిస్ అతని నంబరు ముప్పై ఒకటిని రేడియోలో మూడుసార్లు పిలిచింది. జవాబు రాలేదు. ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వకుండా మూసేశారు.

ఆ రాత్రి అతని భార్య లోరెట్టా వంటింట్లో ఫైర్ స్టేషన్ రేడియో మాటలు వినే స్కానర్‌కు కొత్త బ్యాటరీలు వేసి, యాంటెన్నా తుడిచింది. ఆ లోయలో ఐరిస్ గొంతే వినబడుతుంది. ఫైరింజన్ల నుంచి మాట్లాడేవాళ్ల మాటలు అందవు.

"ముప్పై ఒకటా? ఎవడ్రా ఈ వెధవ వేళాకోళం చేసేది?" స్కానర్‌లో ఐరిస్ కసిరింది. గరగర. తర్వాత మళ్లీ ఆమె గొంతే. "డ్వేన్... లోరెట్టా కావాలా? లోరెట్టా, వింటున్నావా?"

"వింటున్నానే! ఇక్కడే ఉన్నానని చెప్పు!"

స్కానర్‌కు వినడమే వచ్చు, పంపడం రాదు. అయినా లోరెట్టా దాన్ని రెండు చేతులా పట్టుకుని అరుస్తూనే ఉంది.

"తనకు ఫోన్ చేస్తానుండు," అంది ఐరిస్. "అంత టైము లేదా?... పడుకుందేమో, డ్వేన్. సరే, నువ్వెళ్లు."